తొల్లానును రాక్షసగుళ్ళును: పూర్వులకు పరవర్తులు పెట్టిన పేళ్ళు

సిద్దిపేట పట్టణమునకు అనతిదూరమున, నంగునూరు మండలమందు, నర్మెట్ట, పాలమాకుల యను రెండు గ్రామములు గలవు. ఈ గ్రామముల పొలములలో పెద్దబండలను వలయాకారముగఁ బేర్చి, నడుమ గోతిపై పలకవంటి శిలను కప్పిన కట్టడములు చిరకాలమునుండి యున్నవి. 2017వ సంవత్సరమున తెలంగాణ పురావస్తుశాఖవారు వీనిలోఁ గొన్నిఁటిని త్రవ్వి పరిశీలించిరి. నర్మెట్టయందలి యొక సమాధిమీఁది కప్పుశిల నలువది టన్నులకు మించిన బరువు గలదని లెక్క తేలినది. అట్టి శిలను కదల్చుటకు నేఁడును యంత్రసాహాయ్యము కావలయును. క్రీస్తునకుఁ బూర్వపు మొదటి సహస్రాబ్దిలో, ఇనుము వాడుకలోనికి వచ్చిన కాలమున, ఈ ప్రాంతపు జనులు తమవారి యస్థులను కుండలతోడను పనిముట్లతోడను ఇట్టి గోతులలో నిక్షేపించుచుండిరి.

జనులు వీనిని రాక్షసగుళ్ళందురు. కొన్నియెడల పాండవుల గుళ్ళనియుఁ జెప్పుదురు. ఇంతటి బండను మానవమాత్రుఁ డెత్తఁగలఁడా యను నాశ్చర్యము మొదటి పేరునకు మూలము. వనవాసకాలమున పాండవులు త్రొక్కని నేల లేదను నమ్మకము రెండవదానికి మూలము. గోతులలోఁ గానవచ్చు నెముకలు మాత్రము నేఁటి మానవుల యెముకల కొలఁదివే. అవి గుళ్ళు గావు; కట్టినవారు రాక్షసులు గారు, పాండవులును గారు. అయినను ఈ పేరు నిరర్థకమనరాదు. కట్టినవారి స్మృతి పూర్తిగ నశించిన పిమ్మట ఆ భూమిపైఁ గాపురముండి, ఆ శిలలను జూచి యబ్బురపడినవా రెవ్వరో, వారి మనస్సును ఆ పేరు తెలుపుచున్నది. పేరు పెట్టఁబడినవారినిగూర్చి యది సాక్ష్యము పలుకదు. పెట్టినవారినిగూర్చి పలుకును.

ఈ భేదమును పాటింపకపోవుటచేతనే ప్రాచీనచరిత్రమున ననేక భ్రాంతులు పుట్టినవి. ఈ సంగతి మిక్కిలి విశదముగఁ గానవచ్చు దేశము మెక్సికో. అచ్చటి ప్రాచీన జాతులకు నేఁడు వ్యవహారమందున్న పేళ్ళు, ఓల్మెక్కులు, జాపోతెక్కులు, తోల్తెక్కులు, మాయాజాతివారు, అన్నియు దాదాపుగ ఇతరులు పెట్టినవే. అందును పెక్కింటిని వందలయేండ్ల తరువాత వచ్చినవారు పెట్టిరి.

మెక్సికో నడిమి భాగము మొదలు గ్వాటెమాల, బెలీజు, ఎల్ సాల్వడోరు, హోండురాసులవఱకు వ్యాపించిన భూభాగమునకు 1943లో పాల్ కిర్చాఫ్ అను పండితుఁడు మెసోఅమెరికా యని పేరు పెట్టెను. మధ్యామెరికా యని తెనిఁగింపవచ్చును. ఇందలి జనులకు భాషలు వేఱైనను ఆచారములు కొన్ని సమానములు. వారు మొక్కజొన్న పండించిరి, 260 దినముల పంచాంగమును, 365 దినముల పంచాంగమును జతపఱచి కాలమును గణించిరి, మెట్లుమెట్లుగ దేవాలయపీఠములను లేపిరి, రబ్బరుబంతితో నాడిరి. బండి లాగు పశువు వారికి లేదు. చక్రమును మట్టిబొమ్మలకుఁ దప్ప వాడలేదు. అట్లయ్యు బహుటన్నుల శిలలను బహుదూరము తరలించిరి. నర్మెట్ట శిలను రాక్షసులకే గట్టిపెట్టువారికి ఈ యొక్క సంగతి చాలును.

1519లో స్పానిషువారు వచ్చునప్పటికి ఆ దేశమున ప్రబలులుగ నుండినవారు మెషీకులు. అజ్టెక్కు లని లోకమున వారికి ప్రసిద్ధి. వారి రాజధాని తెనోచ్తిత్లాను 1325లో సరస్సు నడుమ స్థాపింపఁబడినదని వారి యైతిహ్యము. 1521 ఆగస్టు 13వ తేదిని అది స్పానిషువారి వశమయ్యెను. మెషీకులు ఆ లోయలోఁ బ్రవేశించునప్పటికే ఆ ప్రాంతమున నొక మహానగరము పాడువడి ఆఱేడు నూఱేండ్లు కావచ్చెను. దాని వెడల్పైన రాజవీథియు, అఱువది మీటర్లకుఁ బైబడి లేచిన పిరమిడును జూచి వారు విస్మితులైరి. కట్టినవా రెవ్వరో చెప్పువారు లేరు. కావున ఆ చోటికి తియొతివాకాను, అనఁగా దేవతలు దేవతలైన చోటు, అని పేరిడిరి. లోకమంతయు చీఁకటిలో నుండగా దేవతలచ్చటఁ గూడి యగ్ని రగిల్చిరనియు, నానావాత్సిన్ అను రోగపీడితుఁడైన పేదదేవత జంకక యందుఱికి సూర్యుఁడయ్యె ననియు, వెనుకాడి పిమ్మట నుఱికినవాఁడు చంద్రుఁడయ్యె ననియు కథ చెప్పుకొనిరి. నేఁటికిని ఆ కట్టడములను సూర్యుని పిరమిడు, చంద్రుని పిరమిడు అనియే పిలుచుచున్నారు. నూఱువేల జనము కాపురమున్నదని పురావస్తువేత్త లంచనా వేసిన యా నగరమునకు, అందు కాపురమున్నవారు పెట్టుకొన్న పేరేదియో తెలియదు.

రాక్షసులు సైతము అచ్చట లేకపోలేదు. చోలూలా పట్టణపు మహాపిరమిడును పూర్వయుగపు మహాకాయులు కట్టిరని ఐతిహ్యము. త్లాష్కాలా జనులు తమ దేశమునఁ బూర్వము మహాకాయు లుండిరనుటకు నిదర్శనముగ మనుష్యప్రమాణము గల తొడయెముకను తెచ్చి కోర్తెసునకుఁ జూపిరని, ఆ దండయాత్రలోఁ బాల్గొన్న బెర్నాల్ డియాజ్ వ్రాసియున్నాఁడు. అది యేనుఁగును బోలిన నష్టజాతి మృగముయొక్క యెముకయై యుండును. నంగునూరు పొలములలో రాక్షసగుడి యన్నవానికిని, త్లాష్కాలాలో నెముకఁ జూపినవానికిని నడుమ సముద్రములున్నవి. తర్కము మాత్ర మొక్కటియే.

ఇఁక తోల్తెక్కుల విషయము. ఇది యీ పేళ్ళన్నిఁటిలోను చిక్కైనది. మెషీకుల భాష నావాత్లు. అందు తొల్లాన్ అనఁగా తుంగయో జమ్మో దట్టముగ మొలచిన చోటు. పాలమాకులయను పేరులో మ్రాఁకు లున్నట్లే యిందు తుంగ యున్నది. తొల్లాను నివాసి తోల్తేకాత్లు. ఈ మాటకే క్రమముగ నేర్పరి, శిల్పి, పనివాఁడు అను నర్థము రూఢమయ్యెను. తెలుఁగు పండితునకు ఇచ్చట నొక వల పన్నఁబడియున్నది. తొల్లి, తొలుత యను మాటలు తెలుఁగున నుండగా, తొల్లి యుండినవారు తోల్తెక్కు లనుటకంటె సులభమైన వ్యుత్పత్తి మఱి యేమి కావలయును? కాని నావాత్లున తొలిన్ అనఁగా తుంగ. అందలి స్థలవాచక ప్రత్యయ మా భాషలోని వేలకొలఁది గ్రామనామములఁ గానవచ్చును. ధ్వనిసామ్యమాత్రమున రెండు భాషలను ముడిపెట్టుట కాశతో నీళ్ళను మూటగట్టుట వంటిది.

1570 ప్రాంతమున బెర్నార్దినో దె సాహగూన్ అను క్రైస్తవసన్న్యాసి మెషీకవృద్ధుల నోటినుండి వినిన సంగతులను వారి భాషయందే పండ్రెండు సంపుటములుగ వ్రాయించెను. అందు తొల్లానును గూర్చి చెప్పఁబడిన వర్ణనలు అద్భుతములు. అచ్చటి మందిరములు బంగారముతోను పచ్చలతోను శంఖములతోను పక్షిపిచ్ఛములతోను గట్టఁబడినవఁట. ప్రత్తి రంగురంగులుగఁ జెట్టుననే కాచెడిదఁట. మొక్కజొన్న కంకిని రెండు చేతులతోఁ బొదివి మోయవలసివచ్చెడిదఁట. వైద్యము, జ్యోతిషము, లోహకారత, పిచ్ఛకళ యన్నియు తోల్తెక్కులే కనిపెట్టిరఁట. బంగారము, వెండి, ఇనుములతో మయుఁడు గట్టిన త్రిపురములను పురాణములలోఁ జదివినవారికి ఈ వర్ణనల జాతి గుర్తింప నంత కష్టము గాదు.

ఆ నగరమునకు తోపిల్త్సిన్ కెత్సాల్కోవాత్లు రాజును పురోహితుఁడునై యుండెను. కెత్సాల్కోవాత్లనఁగా పిచ్ఛములు దాల్చిన సర్పము. అది దేవత పేరును, ఆ దేవత యర్చకుని పేరును గూడ. తెజ్కాత్లిపోకా యను మాయావి యాతనిచేత మద్యము ద్రావించి నియమభంగము చేసెను. సిగ్గుపడి యాతఁడు తూర్పుసముద్రతీరమునకుఁ బోయెను. అచ్చట నగ్నిప్రవేశము చేసి వేగుచుక్క యయ్యెనని యొక కథ. సర్పముల తెప్పపైఁ గడలి దాఁటెనని వేఱొక కథ. ఆతఁడే మరలివచ్చెనని కోర్తెసును జూచి మెషీకరాజు మోతెకుసోమా భ్రమపడెనని పాఠ్యపుస్తకములలో సైతము కనఁబడుచుండును. కాని కోర్తెసు తన రాజునకు వ్రాసిన లేఖలలో కెత్సాల్కోవాత్లు పేరు లేదు. ఆ కథ పూర్ణరూపము దాల్చుట పరాజయమునకుఁ దరువాత వ్రాయఁబడిన గ్రంథములలోనే. ఓడిన జాతి తన యోటమికి విధిలిఖితమొకటి వెదకికొనుట వింత గాదు. గెలిచినవారి కది మఱింత యనుకూలము.

తోల్తెక్కుల పేరుతో రాజకీయమును గలదు. మెషీకులు మొదట సరస్సులోని గడ్డిదిబ్బలమీఁద కాపురమున్న బీదజనము. కుల్వాకాను నగరమున తోల్తెక్కుల వంశమువారని పేరొందిన రాజకుటుంబ ముండెను. ఆ కుటుంబ సంబంధముగల యకామాపిచ్త్లిని తెచ్చి తమకు రాజుగఁ జేసికొనిరి. అటుపిమ్మట మెషీకరాజు లందఱు తోల్తెక్కులే. 1427 మొదలు 1440 వఱకు పాలించిన ఇత్స్కోవాత్లు, పాత చిత్రలిపి గ్రంథములలో నసత్యము లున్నవను మిషను వానిని దహింపించెనని సాహగూనునకు వృద్ధులే చెప్పిరి. అనఁగా నేఁడు లభించు తోల్తెక్కుల చరిత్రమంతయు నా యగ్నికిఁ దరువాతిది. ఆంధ్రదేశ శాసనములు చదివినవారికి ఇది విడ్డూరముగఁ దోఁపదు. రేనాటినుండి నెల్లూరివఱకుఁ గల తెలుఁగుచోడ కుటుంబములు కావేరికిఁ గట్ట కట్టించిన కరికాలునికిఁ దమ వంశమును ముడిపెట్టిరి. కాకతీయుల శాసనములలో దుర్జయుఁడు మూలపురుషుఁడుగఁ గానవచ్చును. ప్రశస్తిలోని కరికాలుఁడు చోడులను గూర్చి యెంత తెలుపునో, తొల్లాను మెషీకులను గూర్చి యంత తెలుపును. అంతకు హెచ్చుగఁ జెప్పించుటకు వేఱు సాక్ష్యము కావలయును.

ఆ వేఱు సాక్ష్యము నేలలో దొరకినది. మెక్సికో నగరమునకు వాయవ్యమున దాదాపు నలువదియైదు మైళ్ళ దూరమున తూలా యను పట్టణము గలదు. 1880లో దెసిరే షార్నే యను ఫ్రెంచి యాత్రికుఁ డచ్చటి శిథిలములఁ జూచి యదియే తొల్లాననెను. పలువురు నమ్మలేదు. తియొతివాకానువంటి మహానగర ముండగా నీ కొంచెపు శిథిలములు పురాణప్రసిద్ధమగు తొల్లా నెట్లగునని వారి వాదము. 1940లో హోర్హే అకోస్తా త్రవ్వకములకుఁ బూనుకొనెను. ఆ కాలముననే విగ్బెర్తో హిమేనెజ్ మొరేనో యను పండితుఁడు పాతగ్రంథములలో తొల్లాను చుట్టుప్రక్కలఁ జెప్పఁబడిన కొండల, నదుల, గ్రామముల పేళ్ళను తూలా పరిసరములలో నేఁటికిని నిలిచియున్న పేళ్ళతోఁ బోల్చి చూచెను. తొల్లాన్ షికోకోతిత్లాన్ అని గ్రంథములలోనుండ, షికోకో కొండ తూలా చెంతనే యున్నది. దానశాసనములోని యెల్లలను పట్టుకొని, చెఱువును వాఁగును గుట్టను వెదకికొనుచుఁ బోయి గ్రామము నిర్ణయించు పద్ధతి యిదియే. శాసనపరిశోధకుల కింతకంటె నమ్మకమైన పద్ధతి లేదు. 1941లో మెక్సికోలోని మానవశాస్త్ర సంఘమువారు సభచేసి, చారిత్రకమగు తొల్లాను తూలాయే యని తీర్మానించిరి.

తూలా క్రీ. శ. 900 మొదలు 1150 వఱకు మిక్కిలి వర్ధిల్లినది. ఒక పిరమిడు శిరమున నాలుగున్నర మీటర్లకు మించిన యెత్తుగల యోధుల శిలావిగ్రహములు నిలిచియున్నవి. నాలుగేసి ఖండములుగఁ జెక్కి, ఒకదానిపై నొకటి కూర్చిన యా విగ్రహములు మందిరపు కప్పును మోసిన స్తంభములు. స్తంభములు గల విశాలమంటపములు, పొట్టపైఁ బళ్ళెము పట్టుకొని వెల్లకిల పరుండి ప్రక్కకుఁ దిరిగి చూచు చాక్మూల్ విగ్రహములు, నల్లని యగ్నిశిలతోఁ గత్తులు చేయు కర్మశాలలు కానవచ్చినవి. బంగారుమందిరములు మాత్రము లేవు. రాతిమీఁదను మట్టియిటుకలమీఁదను సున్నము పూసి రంగులు వేసిన గోడలే యున్నవి. తూలా నిజముగ గొప్పనగరమే. అది కథలోని తొల్లాను గాదు. కథలోని తొల్లానున తియొతివాకాను గొప్పయుఁ గలిసియున్నదని పెక్కుర పండితుల మతము. చోలూలాను సైతము తొల్లాను చోలొల్లా నని వ్యవహరించిరి. కావున తొల్లాననునది యొక యూరి పేరుగ మొదలై, మహానగరమున కంతటికిని బిరుదైనట్లున్నది.

తూలాకు తూర్పుగ ఏడెనిమిదివందల మైళ్ళ దూరమున యుకతాను ద్వీపకల్పమందు చిచెన్ ఇత్సా యను మాయానగరము గలదు. అచ్చటను తూలాలోవంటి మంటపములు, చాక్మూల్ విగ్రహములు, సర్పస్తంభములు గలవు. యుకతాను కథలలోను పిచ్ఛసర్పార్థకమగు కుకుల్కాను పేరిట నొక నాయకుఁడు పడమటినుండి వచ్చెనని యున్నది. ఈ రెంటిని గూర్చి తోల్తెక్కులు దండెత్తి మాయానగరమును జయించిరని చిరకాలము వ్రాసిరి. 1961లో జార్జి కూబ్లరు ఈ వాదమును తలక్రిందు చేసి, శిల్పరీతి చిచెన్ ఇత్సానుండియే తూలాకుఁ బోయియుండు ననెను. చిచెన్ ఇత్సాలోని యట్టి కట్టడములు మునుపు తలఁచినదానికంటెఁ బూర్వములని పిమ్మట తేలుచు వచ్చినది. దండయాత్ర జరిగెననుట నేఁడు పెక్కురకు సమ్మతము గాదు. ఉభయనగరములకును వర్తకమువలన, యాత్రలవలన సంబంధ ముండెననుట మాత్ర మెల్లరును ఒప్పుకొందురు.

ఓల్మెక్కుల పేరు మఱింత విచిత్రము. ఆ మాటకు రబ్బరుదేశమువా రని యర్థము. మెషీకులు తమ కాలమున తూర్పుతీరమున నుండినవారిని అట్లు పిలిచిరి. అదే తీరమున రెండువేల యేండ్లకుఁ బైగాఁ బూర్వము, క్రీ. పూ. 1400 మొదలు 400 వఱకు, సాన్ లోరెన్సో, లా వెంతా యను స్థలములలో వర్ధిల్లి, మనుష్యుల శిరస్సులను మహాశిలలయందుఁ జెక్కినవారికిఁ గూడ నాధునిక పండితులు ఆ పేరే తగిలించిరి. అట్టి శిరస్సులు పదునేడు దొరకినవి. 1862లో మొదటిదానిఁ జూచిన మెల్గార్, దాని పెదవులు ముక్కు చూచి, యాఫ్రికావారు వచ్చి చెక్కిరని వ్రాసెను, అది నిలువలేదు. జాపోతెక్కులు మోంతె అల్బాను కొండపై క్రీ. పూ. 500 ప్రాంతమున నగరము గట్టినవారు. వారి పేరును నావాత్లు మాటయే: త్సాపోత్లు ఫలవృక్షము లుండు చోటివారని యర్థము. ఆ త్సాపోత్లే స్పానిషువారి నోట సపోతే యయ్యెను. తెలుఁగువారి సపోటా యదియే.

మాయాజాతి సంగతి తెలుఁగు పండితునకు వేఱొక యాకర్షణము గలది. సభాపర్వమున ధర్మరాజునకు మయసభఁ గట్టినవాఁడు మయుఁడు. సూర్యసిద్ధాంతమును సూర్యునివలన గ్రహించినవాఁడును మయుఁడే. పాతాళలోక మనఁగా అమెరికా యనియు, అందు శిల్పజ్యోతిషములలో నారితేఱిన మాయాజాతి మయుని సంతతియే యనియు 20వ శతాబ్ది పూర్వార్ధమున పలువురు వ్రాసిరి. 1940లో చమన్‌లాల్ ప్రకటించిన హిందూ అమెరికా యను నాంగ్లగ్రంథ మీ మతమును మిక్కిలి వ్యాపింపఁజేసెను. ఈ వాదమును అపహాస్యము చేసి త్రోసివేయుట న్యాయము గాదు. దాని కాధారములుగఁ జూపఁదగిన వింతలు నిజముగఁ గలవు.

మాయాజాతివారి దీర్ఘగణనమున కారంభదినము క్రీ. పూ. 3114లోఁ బడును. కలియుగారంభము క్రీ. పూ. 3102. రెంటికి భేదము పండ్రెండేండ్లు! మఱియు వారి లెక్కలో 20 దినము లొక వినాల్. 18 వినాళ్ళొక తూన్, అనఁగా 360 దినములు. 20 తూను లొక కాతూన్. 20 కాతూను లొక బక్తూన్, అనఁగా 1,44,000 దినములు. దీనిని మూఁటితో గుణించిన 4,32,000 వచ్చును. కలియుగ పరిమాణము 4,32,000 సంవత్సరములు. ఇంతకంటె నిదర్శన మేమి కావలయునని యెవరికైనను తోఁచును.

నిదానించి చూచిన నీ రెండును వీడిపోవును. ఒకటి దినసంఖ్య, ఒకటి సంవత్సరసంఖ్య. మాయాగణనమందు మూఁడు బక్తూనుల కూటమి యేదియు లేదు. 13 బక్తూనులు గలిసి 18,72,000 దినముల చక్ర మగును. ఇరువదులతో లెక్కించి నడుమ నొకమాఱు పదునెనిమిదితో గుణించినవారి సంఖ్యయు, షష్టిని పండ్రెండును మక్కువతో వాడినవారి సంఖ్యయు నొకచోటఁ గలియుట గుణకారధర్మము. ఆరంభదినముల మాటయు నట్లే. రెండును వెనుకకు లెక్కించి పొందినవి. ఆర్యభటుఁడు కలి 3600 గతించునాటికిఁ దన కిరువదిమూఁడేండ్లని చెప్పుటచేత, గ్రహగణితమునకు యుగాదిగ నా దినము క్రీ. శ. 499 నాఁటికి స్థిరపడియుండెనని తెలియుచున్నది. మధ్యామెరికాలో దీర్ఘగణనము గల తొలిశిలలు క్రీ. పూ. 1వ శతాబ్దివి. 3114లో గాని, 3102లో గాని దినము వ్రాసిపెట్టినవాఁ డెవ్వఁడును ఏ దేశమునను లేఁడు.

పేరు విషయ మంతకంటె దృఢము. మాయా యనునది యుకతాను ద్వీపకల్పమువారు తమ దేశమునకును భాషకును స్పానిషువారి రాకనాటికి వాడుకొనుచుండిన పేరు. దక్షిణారణ్యములలో వేయేండ్లకు మునుపు వెలసిన మహానగరముల జనులు తాము మాయావార మనుకొనినట్లు శాసనములలో లేదు. ఈ మాట ధైర్యముతోఁ జెప్పుటకు కారణము, ఆ శాసనములు నేఁడు చదువఁబడుచుండుటయే. 1562లో దియేగో దె లాందా యను క్రైస్తవాచార్యుఁడు మానీ యను నూర వారి గ్రంథములను కాల్పించెను. నాలుగు మాత్రము మిగిలినవి. ఆ లాందాయే తన పుస్తకమున వారి లిపినిగూర్చి కొన్ని గుర్తులు వ్రాసియుంచెను. వానిని ఆధారముగఁ జేసికొని 1952లో యూరీ క్నోరోజొవ్ అను రష్యనుపండితుఁ డా లిపిలోని గుర్తులు పెక్కు అక్షరాత్మకములని, అనఁగా తెలుఁగులిపివలె హల్లచ్చుల కూటములని, నిరూపించెను. 1960లో తత్యానా ప్రోస్కురియాకోవా ఆ శిలలయం దున్నవి దేవతాకథలు గావనియు, రాజుల జనన పట్టాభిషేక మరణములనియుఁ దేల్చెను. అటుపిమ్మట నగరములు తమ పేళ్ళు తామే చెప్పసాగినవి. పాలెంకే యనునది స్పానిషు మాట. ఆ నగరపు నిజనామము లాకమ్‌హా, పెద్దనీళ్ళు. అచ్చటి పిరమిడు గర్భమున 1952లో అల్బెర్తో రూజ్ తెఱచిన సమాధియందలి రాజు కినిచ్ హనాబ్ పకాల్. పుట్టుక 603, పట్టము 615, మరణము 683. ఆతని పితృపితామహుల పేళ్ళలో మయుఁడు లేఁడు.

మధ్యామెరికానుండి తెలుఁగునేలకు నిజముగ వచ్చినవి వేఱు. అవి వచ్చుట కొలంబసు 1492 యాత్రకుఁ దరువాత, 16వ శతాబ్దినుండి, పోర్చుగీసు మున్నగువారి యోడలమీఁద. మిరపకాయ మెక్సికోలో సాగుచేయఁబడినది. తెలుఁగువారు దానికి తమ మిరియమును బట్టియే పేరు కల్పించుకొనిరి. మొక్కజొన్న తొమ్మిదివేల యేండ్ల క్రిందట మెక్సికో దక్షిణభాగమున తియోసింతే యను గడ్డినుండి పెంపఁబడినది. సిద్దిపేట రైతు దానిని మక్క యనును. మక్కానగరమునుండి వచ్చినదని ఆ పేరునకు కొంద ఱర్థము చెప్పుదురు. ఏది యెట్లైనను జొన్నకుఁ జేర్చి పేరు పెట్టఁబడుటచేత జొన్న ముందు, మక్క వెనుక యని తేటపడుచున్నది. సీతాఫలము పుట్టినిల్లును అమెరికా యుష్ణభూములే. అది తెలంగాణపు గుట్టలపై నెంతగా నల్లుకొనెననఁగా సీతాదేవి యరణ్యవాసమునకే యంటఁగట్టఁబడినది. దాని బంధువు రామఫలమైనది. పాండవుల గుళ్ళవంటిదే సీతాఫలము. వృక్షము పరదేశి, పేరు మాత్రము శుద్ధదేశీయము.

ఈ ఫలముల నాధారముగఁ జేసికొని విపరీతవాదము చేసినవారును గలరు. మైసూరు ప్రాంతమున సోమనాథపురమందు 13వ శతాబ్దిలో హొయసలులు గట్టించిన యాలయమున విగ్రహముల చేతులలోని యొక ఫలము మొక్కజొన్న కంకియే యని 1989లో జోహానెసెన్, పార్కరు అను నమెరికాపండితులు వ్రాసిరి. అది నిజమైన కొలంబసునకుఁ బూర్వమే రాకపోకలుండె ననవలసివచ్చును. 1993లో పాయక్, సచాన్ అను భారతీయ శాస్త్రజ్ఞులు దీనిని ఖండించి, అది ముత్యములు పొదిగిన కల్పితఫలమగు ముక్తాఫల మనిరి. శిల్పము సందిగ్ధమైనప్పుడు గింజయే ప్రమాణము. పండితు లందఱు నంగీకరించిన మొక్కజొన్నగింజ దక్కనులో నా కాలపు పొరలయందు దొరకలేదు.

తిరిగి తెలంగాణమునకు వచ్చిన, తానే తన పేరు చెప్పుకొను ప్రాచీనతకు నిదర్శనము గోదావరీతీరమున కోటిలింగాలలోఁ గలదు. అచ్చట దొరకిన నాణెములపై గోభద, నారన, సమగోప మున్నగు రాజనామములును, శాతవాహనులలో మొదటివాఁడగు చిముకుని పేరును గలవు. పరబ్రహ్మశాస్త్రిగారు వీనిని పరిశోధించి ప్రకటించునంతవఱకు గోభదుఁడు చరిత్రమున లేఁడు. ఏ పురాణమును ఆతనిఁ బేర్కొనలేదు. నర్మెట్ట సమాధులకట్టి భాగ్యము లేదు. వానిఁ గట్టినవారు వ్రాఁత నెఱుఁగరు. బృహచ్ఛిలాసమాధు లని పండితులు పెట్టిన పేరును పరవర్తుల పేరే. రాక్షసు లనుటకంటె నిరపాయమైనది, అంతియే.

అట్లని గ్రామస్థుల పేళ్ళను వ్రాయక విడుచుట తగదు. పొలము చదునుచేయుటకు, రాయి కొట్టుటకు, ఇట్టి సమాధులు పెక్కుచోట్ల తొలఁగింపఁబడినవి. శిల పోయిన తరువాతను రాకాసిగుడి చేను, పాండవుల బండ యను పేళ్ళు పొలములకు మిగిలియుండును. పోయినదాని చోటు తెలియుట కప్పు డా పేరే యాధారము. తూలాను షికోకో కొండ చూపినట్లు అది చోటును జూపును. ఊరి బడిపంతులు తన యూరి చేలపేళ్ళను, గుట్టలపేళ్ళను, వానికిఁ జెప్పుకొను కథలను వృద్ధులవలన విని, ఎవరు చెప్పిరో యెప్పుడు చెప్పిరో గుర్తించి వ్రాసి యుంచినచో, సాహగూను మెషీకులకుఁ జేసినపని తెలంగాణ గ్రామములకుఁ జేసినవాఁ డగును. కథను చరిత్రమని వ్రాయనక్కఱలేదు; కథను కథగనే వ్రాసిన చాలును.

కృష్ణాతీరమున నారాయణపేట జిల్లాలోని ముడుమాలలో పురుషప్రమాణమునకు రెండింతలు గల నిలువురాళ్ళు వరుసలుగ నున్నవి. 2025లో ఆ స్థలము యునెస్కోవారి ప్రపంచవారసత్వపు తాత్కాలికపట్టికలోఁ జేర్పఁబడినది. అందొక బండపై సప్తర్షిమండలమును బోలిన చిన్నగుంటలు తొలువఁబడియున్నవని హైదరాబాదు విశ్వవిద్యాలయపు పురావస్తుపరిశోధకులు గుర్తించిరి. ఆ గుంటలు తొలిచినవారు ఆ నక్షత్రములను ఋషులని యనుకొనిరో, మఱి యేమనుకొనిరో చెప్పు సాక్ష్యము లేదు. గ్రామస్థు లా నిలువురాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్ప యని పిలిచి కొలుచుచున్నారు. అందొకదానిని ఎల్లమ్మ యని పూజించుచున్నారు.